ఆడ, నీలం, ఏడో రాయి

"ఆ కత్తెర కింద పెట్టండి!"

నా ఎడమ చేతిలో తొండ ఉంది. కుడి చేతిలో కత్తెర ఉంది. తొండ ముందుకాలి మూడో వేలు కత్తెర అంచుల మధ్య ఉంది. సరిగ్గా అలాంటప్పుడు వెనక నుంచి ఎవరో అలా అరిచారు.

తొండ నా బొటనవేలు కొరికింది. నేను ఎగిరిపడ్డాను. నా మోకాలు తగిలి, బండ మీదున్న నీలం రంగు సీసా గాల్లోకి లేచి, ఆ అరిచిన మనిషి తెల్లటి టోపీ మీద పడింది.

మా ముగ్గురిలో తొండ ఒక్కటే తెలివిగా పారిపోయింది.

"ఎవరండీ మీరు?" అన్నాను వేలు విదిలిస్తూ.

"పశువుల డాక్టర్ని. ఈ కొండ మీద తొండల్ని ఏం చేస్తున్నారో చూసి రమ్మని జంతు సంక్షేమ కమిటీ పంపింది." ఆమె టోపీ తీసి, దాని మీద అరచేయంత మరకని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. "చూశాను."

"అది పోదండీ."

"ఏది?"

"ఆ రంగు. తొండ కుబుసం వదిలేదాకా ఉండేలా తయారు చేసింది."

"టోపీలు కుబుసం వదలవు కదా?"

"నేనైతే ఇంతవరకు చూడలేదు."

ఆమె పెదవి కొస అర మిల్లీమీటరు కదిలింది. నేను కొలతల మనిషిని, నాకు తెలుసు. వెంటనే దాన్ని అదుపులో పెట్టేసుకుంది.

ఆ అర మిల్లీమీటరు దగ్గరే నా పని అయిపోయింది. కానీ ఆ సంగతి నాకు తెలియడానికి ఇరవై రోజులు పట్టింది.

* * *

మా పరిశోధన స్టేషన్ కొండ దిగువన ఉంది. ఐదు గదులు, ఒక వరండా, నీళ్ళ ట్యాంకు. మూడేళ్ళుగా నా మకాం అక్కడే. రాతి తొండల్ని పట్టుకోవడం, గుర్తు పెట్టి వదలడం, మళ్ళీ కనిపించినప్పుడు ఏది ఎక్కడుందో, ఏం చేస్తోందో రాసుకోవడం నా పని. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి గుర్తు పెట్టక తప్పదు. కొన్నింటికి వేలి కొస కత్తిరిస్తాం. కొన్నింటికి వీపు మీద నీలం చుక్క పెడతాం.

"రాళ్ళెక్కి బతికే జీవికి వేళ్ళు తీసేస్తారా?" అంది డాక్టరు, మా ప్రొఫెసర్ గదిలో కూర్చుని. ప్రొఫెసర్‌ని మేమంతా పెద్దసార్ అంటాం.

"కొస మాత్రమేనండీ," అన్నాను.

"మీ బూట్లకి కొస మాత్రం కోసేసి కొండెక్కమంటే ఎక్కుతారా?"

పెద్దసార్ నా వైపు తిరిగి, "ఎక్కుతావా?" అన్నాడు కుతూహలంగా. ఆయన ఎప్పుడు ఎవరి పక్షమో ఆయనకే తెలియదు.

గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఒక పరీక్షకి ఒప్పుకున్నాం. కత్తెర అప్పటికప్పుడే ఆమె బ్యాగులోకి వెళ్ళిపోయింది. ముప్పై తొండలకి నీలం చుక్క. ఇంకో ముప్పైకి ఏ గుర్తూ ఉండదు. వాటి గొంతు కింద మచ్చలు ఫోటో తీసి, మచ్చల్ని బట్టే ఏది ఏదో పోల్చుకోవాలి. నేను రోజూ వాటిలో కొన్నింటి వైపు మెల్లగా నడవాలి. నేను ఎంత దగ్గరికి వస్తే అది జరిగిందో, ఎటు వైపు జరిగిందో రాయాలి.

"దూరం నుంచే పారిపోతోందంటే భయం ఎక్కువన్నమాట," అంది డాక్టరు. "రోజంతా పరుగులు పెట్టే తొండకి ఎండ కాచుకునే తీరిక ఉండదు. తినే తీరిక ఉండదు. ఇరవై రోజులు చూద్దాం. నీలం చుక్కవి కూడా మిగతా వాటిలాగే ధీమాగా ఉంటే మీ అనుమతి కొనసాగుతుంది."

"లేకపోతే?"

"కత్తెరతో పాటు రంగు కూడా బంద్."

అంటే నా మూడేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది. అప్పటికి నా భయం అదొక్కటే.

మూడో రోజు ఇంకో భయం జీపులోంచి దిగింది.

* * *

ఆరడుగుల మనిషి. మెడలో మోచేయంత పొడుగు లెన్సు. ఎండలో తిరిగే వాళ్ళంతా నాలా మాడిపోతారు. వీడు మాత్రం నిగనిగలాడుతున్నాడు.

"డాక్టరమ్మా! ఇంకా బతికే ఉన్నావా?"

"ఇప్పటిదాకా. నువ్వొచ్చావుగా, ఇంక కష్టం," అని డాక్టరు నవ్వింది.

నవ్వింది! మూడు రోజులుగా నానా తంటాలూ పడితే నాకు దక్కింది అర మిల్లీమీటరు. వీడు జీపులోంచి ఒక్క కాలు కింద పెట్టాడో లేదో ముప్పై రెండు పళ్ళూ కనిపించాయి.

"ఇతను నా క్లాస్‌మేట్," అని పరిచయం చేసింది. "తొండల ఫోటోలు తీయడంలో దిట్ట."

"ఫోటో అను బ్రదర్, అందరూ అలాగే పిలుస్తారు," అని అతను నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నువ్వేనా పెయింటర్‌వి? డాక్టరమ్మ టోపీ మీద నీ పనితనం చూశాన్లే."

నేను చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను.

కొండ సగంలో ఏడో రాయి ఉంది. రాయి అంటాం గానీ అది ఇంటి వరండా అంత పొడుగున్న నల్లటి బండ. పొద్దున వెలుతురు బాగా పడుతుందని వాళ్ళిద్దరూ అక్కడ మకాం పెట్టారు. అతను ఫోటోలు తీస్తాడు. ఆమె తొండల పాదాలు, గోళ్ళు పరీక్ష చేస్తుంది. బండకి ఆ కొసన ఒక ముళ్ళపొద. పొద వెనక నేను, నా బైనాక్యులర్, నా నోటుబుక్కు.

నాలుగో రోజు పొద్దున నా కళ్ళ ముందే అతను ఆమె పక్కకి జరిగి కూర్చున్నాడు. కెమెరాలో ఏదో చూపించాడు. భుజానికీ భుజానికీ మధ్య మూరెడు కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడేళ్ళుగా కంటికి కనిపించిందల్లా గళ్ళలో రాసే చెయ్యి కదా నాది. మెదడుని అడక్కుండానే రాసేసింది.

'ఆడ. నీలం. రాయి 7. ఎంత దగ్గరికి వస్తే జరిగింది: 30 సెం.మీ. ఎటు: పొద వైపు. రిమార్కులు: దగ్గరికి వచ్చింది మగ, గుర్తు లేదు, పళ్ళు ఎక్కువ.'

రాశాక కాస్త హాయిగా అనిపించింది. తర్వాత రబ్బరుతో చెరిపేద్దాంలే అనుకున్నాను. పదకొండింటికి మళ్ళీ రాశాను. సాయంత్రానికి మూడు వరుసలయ్యాయి.

అసూయ చెడ్డ అలవాటని అందరూ అంటారు. దాన్ని పట్టికలో ఎక్కించడం ఇంకా చెడ్డ అలవాటని ఎవరూ చెప్పరు.

* * *

"ఏంటయ్యా మరిదీ, కళ్ళ చుట్టూ ఆ గుంటలేంటి?" అంది వదిన, మధ్యాహ్నం భోజనాల దగ్గర.

మా అన్నయ్య స్టేషన్ జీపు నడుపుతాడు. వదిన ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని మా నోటుబుక్కులన్నీ టైపు చేస్తుంది. కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు. తొండంటే కుర్చీ ఎక్కేస్తుంది.

"బైనాక్యులర్ గుంటలు వదినా."

"ఇదివరకు పడేవి కావే! ఏ తొండ అంత అందగత్తె?"

"పని ఎక్కువైంది."

"అవునవును. డాక్టరుగారు కూడా చెప్పింది. 'మీ మరిది చాలా కష్టజీవి, పొద వెనక నుంచి కదలనే కదలడు' అంది."

గుటక పడలేదు నాకు. "ఇంకేమంది?"

"ఇంకేమంటుంది? నీళ్ళు తాగు, పొలమారుతోంది."

ఫోటో పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కనే చతికిలబడ్డాడు. "బ్రదర్, ఒక సలహా చెప్పు. ఇక్కడి పని అయ్యాక నాకో దీవిలో మూడు నెలల ప్రాజెక్టు ఉంది. డాక్టరమ్మని కూడా తీసుకెళ్దామనుకుంటున్నా. సముద్రం, ఇసుక, సూర్యాస్తమయం... ఒప్పుకుంటుందంటావా?"

"నన్నడుగుతారేంటి?"

"నువ్వు పొద్దస్తమానం గమనించే మనిషివి కదా."

"తీసుకెళ్ళండి. లైఫ్ జాకెట్ ఒక్కటే పట్టుకెళ్ళండి, చాలు," అన్నాను, పళ్ళు కొరుకుతూ.

"నువ్వు మంచి జోకులేస్తావు బ్రదర్!" అని వీపు మీద ఒక్కటి చరిచాడు. వదిన ఒకసారి అతన్ని చూసింది. ఒకసారి నన్ను చూసింది. ఏమీ అనకుండా నా పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. మా వదిన నోరు మూసుకుందంటే ఏదో అర్థమైందన్నమాట.

* * *

పన్నెండో రోజు వాన పడింది.

చెప్పా పెట్టకుండా వచ్చిన వాన. ముగ్గురం ఏడో రాయి పక్కనున్న బండ చూరు కిందికి పరుగెత్తాం. నా చేతిలో గొడుగుంది. దాన్ని విప్పి ఆమె తలమీద పట్టాలి. ఎడమ చేత్తో పట్టాలా, కుడి చేత్తో పట్టాలా, ఎంత దూరంలో నిలబడితే మర్యాదగా ఉంటుంది అని నేను లెక్క వేస్తుండగానే, ఫోటో తన కోటు విప్పి ఆమె తలమీద పందిరిలా పట్టేశాడు.

నేను విప్పని గొడుగు చంకలో పెట్టుకుని తడిశాను.

"మీ తొండల రంగు కడుక్కుపోతుందేమో?" అంది డాక్టరు, ఆ కోటు కింద నుంచి ఇవతలికి వచ్చి.

"పోదండీ."

"అవును, నాకు తెలుసు కదా," అని టోపీ తీసి వాన చినుకులకి పట్టింది. మరక చెక్కుచెదరలేదు. "చూడండి, ఎంత మొండి రంగో. మీలాగే."

అది పొగడ్తో తిట్టో తేల్చుకునేలోపు ఫోటో మళ్ళీ కోటుతో వచ్చాడు. ఆమె మళ్ళీ జరిగింది. నేను చూరు కింద ఒక మూల ముడుచుకుని నోటుబుక్కు తెరిచాను.

'ఆడ. నీలం. రాయి 7. ఎంత దగ్గరికి వస్తే జరిగింది: 20 సెం.మీ.'

ఇరవై! ముప్పై నుంచి ఇరవైకి వచ్చింది! కానీ ఎంత రగిలిపోయినా కొలత తప్పు రాయలేదు. మూడేళ్ళ అలవాటు. పక్క గడిలో 'పొద వైపు' అని మామూలుగా నింపేసి బుక్కు మూశాను.

* * *

ఇరవయ్యో రోజు. ఆఖరి రోజు.

నోటుబుక్కు ముందు రోజు చినుకులకి తడిసింది. గదిలో కిటికీ దగ్గర ఆరబెట్టి, ఒక విడి కాగితం పట్టుకుని కొండ అవతలి వైపుకి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చి, ఆ ఏడో రాయి వరుసలన్నీ చెరిపేసి, అప్పుడు వదినకి ఇద్దామని నా ప్లాను. రిపోర్టు నాలుగింటి జీపులో వెళ్ళాలి. అదే జీపులో ఫోటో వెళ్తాడు. డాక్టరు కూడా వెళ్తుంది. దీవికి వెళ్తుందో ఇంటికి వెళ్తుందో అడిగే ధైర్యం నాకు లేదు.

రెండింటికి దిగి వచ్చేసరికి కిటికీ దగ్గర బుక్కు లేదు.

ఆఫీసు గదికి పరుగెత్తాను. తలుపు తీయగానే చప్పట్లు.

"రావయ్యా రా! గెలిచేశావు!" పెద్దసార్ నన్ను వాటేసుకున్నాడు. "నీలం చుక్కవి సగటున రెండు మీటర్ల ఎనభై మూడు. గుర్తు లేనివి రెండు ఎనభై. తేడా మూడంటే మూడు సెంటీమీటర్లు. రంగు వల్ల ఏ భయమూ లేదు!"

డాక్టరు కుర్చీలోంచి లేచింది. చేతిలో రిపోర్టు ఉంది. "నేనే తొందరపడ్డాను," అంది. "ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. అందుకే అందరి ముందే చెప్తున్నాను. క్షమించండి."

ఎవరైనా గాల్లో తేలిపోవాల్సిన క్షణం. నాకు మాత్రం లెక్క కుదరలేదు. ఎందుకంటే ఇరవై రోజులు కొండ మీద తిరిగింది నేను. నీలం చుక్క తొండలు నాలుగు మీటర్ల నుంచే తుర్రుమనేవి. అది నాకు తెలుసు. మరి ఈ రెండు ఎనభై మూడు ఎక్కడిది?

"వదినా, ఒకసారి బయటికి రా."

వరండాలోకి లాక్కెళ్ళాను. "నా బుక్కు ఎవరిచ్చారు నీకు?"

"ఎవరివ్వడమేంటి? నీ గదిలో ఉంది, తెచ్చుకున్నా. టైమైపోతోందని పొద్దుట్నుంచి తల ఎత్తకుండా కొట్టా."

"అన్ని వరుసలూనా?"

"నువ్వు రాసినవన్నీ. రిమార్కులు మాత్రం కొట్టలేదు. అక్కర్లేదని నువ్వే చెప్పావుగా."

"ఏడో రాయి... ఆడ, నీలం..."

"అబ్బో, ఆ తొండ చాలా ఉందయ్యా! నలభై ఆరు సార్లు. నీలం అని ఉందిగా, నీలం చుక్కల లెక్కలో వేశా. ఏం?"

నేను స్తంభానికి ఆనుకున్నాను. వంద నిజం వరుసల మధ్యలోకి నా అసూయ నలభై ఆరు సార్లు దూరింది. ఇరవై, ముప్పై సెంటీమీటర్ల అంకెలు నలభై ఆరు. నాలుగు మీటర్ల సగటుని అవే కిందికి లాగేశాయి.

వదిన నా మొహం చూసి కళ్ళు చికిలించింది. "అది తొండ కాదు కదా?"

నేను నా బూట్ల కొసలు చూసుకున్నాను.

"ఓరి నీ..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. తర్వాత గొంతు తగ్గించింది. "ఇప్పుడేం చేస్తావు?"

"ఊరుకుంటే అనుమతి వస్తుంది."

"వస్తుంది."

"చెప్తే పోతుంది. పైగా ఆమె దృష్టిలో నేను పొద వెనక నక్కి ఆడవాళ్ళని చూసే వెధవనవుతాను."

"అవుతావు," అంది వదిన మొహమాటం లేకుండా. "ఊరుకుంటే ఆ అమ్మాయి తప్పుడు కాగితం మీద సంతకం పెడుతుంది. అది కూడా నీకు క్షమాపణ చెప్పి మరీ. మీ ఇంటి కోడల్ని కాబట్టి చెప్తున్నా. ఏదో ఒకటి తొందరగా తేల్చుకో. మీ అన్నయ్య జీపు తుడుస్తున్నాడు."

లోపల పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

* * *

"డాక్టర్‌గారూ, ఆ సంతకం పెట్టకండి."

పెన్ను కాగితం మీద ఆగింది. "ఎందుకు?"

"అందులో నలభై ఆరు వరుసలు తొండవి కావు."

"మరి బల్లివా?" అన్నాడు పెద్దసార్.

"కాదు సార్. ఆడ, నీలం, ఏడో రాయి. అది..."

ఆమె టోపీ వైపు చూశాను. నన్ను చూసి పెద్దసార్ చూశాడు. ఆయన్ని చూసి ఫోటో చూశాడు. బల్ల మీద బోర్లించి ఉన్న ఆ తెల్లటి టోపీ మీద అరచేయంత నీలం మరక, గదిలో ఇంకేమీ లేనట్టు మెరిసింది.

ఆమె మెల్లగా ఆ టోపీని తన వైపు తిప్పుకుంది.

"నేనా?" అంది డాక్టరు.

"మీరే."

"నలభై ఆరు సార్లు?"

"ఆదివారాలు రాయలేదండీ."

ఫోటో బుక్కు లాక్కుని పేజీలు తిప్పాడు. "'మగ, గుర్తు లేదు, పళ్ళు ఎక్కువ.' ఇది నేనా బ్రదర్? 'మగ వంగి కెమెరా చూపించింది.' చూపించింది ఏంటి, చూపించాడు అని రాయొచ్చుగా! 'మగ అనవసరంగా కోటు విప్పింది.' అనవసరంగానా?"

"క్షమించండి," అన్నాను. "అసూయ వల్ల రాశాను. ఆ వరుసలు తీసేసి మళ్ళీ లెక్కేయండి. నీలం చుక్కవి భయపడుతున్నాయి. నా కళ్ళతో చూశాను. రంగు ఆపెయ్యాల్సిందే."

వదిన కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు నిమిషాలు కీబోర్డు టకటకలాడింది.

"నాలుగు మీటర్లు," అంది. "గుర్తు లేనివి రెండు ఎనభై."

పెద్దసార్ కుర్చీలో కూలబడ్డాడు. "మూడేళ్ళ పనయ్యా!"

"తెలుసు సార్."

"మూడేళ్ళూ బెదిరిపోయిన తొండల్ని చూసి, తొండలంటే ఇలాగే ఉంటాయని రాసుకున్నామన్నమాట." ఆయన నిట్టూర్చాడు. "సరే. గుర్తు పెడితే బెదురుతాయని తేల్చింది కూడా మనమే కదా. అదే రాద్దాం. ఆ నలభై ఆరూ లేకుండా."

డాక్టరు రిపోర్టు రెండుగా చింపింది. ఫోటో చేతిలోంచి నా నోటుబుక్కు తీసుకుంది. టోపీ పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

* * *

అరగంట సేపు దూరం నుంచే చూస్తూ నిలబడ్డాను. ఆమె మెట్ల మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుతోంది. మధ్యలో పెన్సిలు తీసి ఏదో లెక్క వేసింది, ఎవరికో ఫోన్ చేసింది. జీపు దగ్గర మా అన్నయ్య తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఇలా రండి," అంది చివరికి తల ఎత్తకుండానే.

వెళ్ళి రెండు మెట్లు కింద నిలబడ్డాను. తిట్లకి సిద్ధంగా.

"ఈ గడి పేరు ఏంటి?"

"ఎంత దగ్గరికి వస్తే జరిగింది."

"ఎన్నిసార్లు జరిగింది?"

"నలభై ఆరు."

"ఒక మగ తొండ నలభై ఆరు సార్లు దగ్గరికి వచ్చింది. నలభై ఆరు సార్లూ ఆడ తొండ అక్కణ్ణుంచి జరిగిపోయింది. మూడేళ్ళ అనుభవం ఉన్నవారు మీరు. దీన్నేమంటారు?"

రోజూ ఆ గడిలో ముప్పై, ఇరవై అని రాస్తూ ఆ అంకెలు చూసి కుళ్ళిపోయానే గానీ, పైనున్న గడి పేరు ఒక్కసారి కూడా చదువుకోలేదు.

"ఇష్టం లేదంటానండీ," అన్నాను మెల్లగా.

"పక్క గడి?"

"ఎటు జరిగింది."

"ఎటు?"

"పొద... వైపు."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ."

"మొదటి రోజు నేను పొదకి తొమ్మిది మీటర్ల దూరంలో ఉన్నాను. నిన్న నాలుగు. ఇది కూడా మీరు రిమార్కుల్లో రాసిందే. ఆ పొద దగ్గర నీడ లేదు. పూలు లేవు. అన్నీ ముళ్ళే." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకో నలభై రోజులుంటే పొదలోకే వచ్చేసేదాన్నేమో. ఇంత శ్రద్ధగా కొలిచే మనిషి ఒక్కసారి లెక్క చూసుకోడా?"

ఇరవై రోజులు నన్ను కాల్చుకు తిన్న పట్టిక, నేను పళ్ళు కొరుకుతూ నింపిన ప్రతి వరుస, నాకు అనుకూలంగానే ఉంది.

"బ్రదర్!" జీపులోంచి ఫోటో తల బయటికి పెట్టి అరిచాడు. అంతా విన్నట్టున్నాడు. "పక్కనున్న నాకు కనపడలేదు సరే. నువ్వు బైనాక్యులర్ పెట్టి మరీ చూశావుగా! ఆమె జరిగిపోతోందని నాకు ఒక్క ముక్క చెప్పొచ్చుగా! దీవికి రెండు టికెట్లు చెప్పేశాను!"

"రెండో టికెట్ లెన్సుకి వాడుకో!" అని డాక్టరు అంతే గట్టిగా అరిచింది. అతను గుండె పట్టుకుని సీట్లో వెనక్కి వాలిపోయాడు. జీపు కదిలేటప్పుడు మాత్రం చెయ్యి ఊపాడు. మనిషి మంచివాడే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇరవై రోజులూ ఒక జీపూ కావాల్సి వచ్చాయి.

"మీరు వెళ్ళలేదే?" అన్నాను.

"ఎలా వెళ్తాను? రిపోర్టు మళ్ళీ రాయాలి. రంగు చుక్కలన్నీ రాలిపోయాక ఆ ముప్పై తొండల బెదురు తగ్గుతుందో లేదో చూడాలి. కమిటీకి ఫోన్ చేశాను. ఇంకో నలభై రోజులు ఇమ్మన్నాను."

"నలభయ్యా?"

"చాలవా?"

వెనక తలుపు సందులోంచి వదిన గొంతు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతోంది. "అవునత్తయ్యా... డాక్టరే... కాదు కాదు, మనుషుల డాక్టరు కాదు. అయితే ఏంటి, మీవాడికి ఈ డాక్టరే సరిపోతుంది... ఆఁ, ముందు అవతలి వాళ్ళ ఫోన్ నంబరు నేను కనుక్కుంటా, తర్వాత ముహూర్తాలు..."

నేను సిగ్గుతో తల దించుకున్నాను. డాక్టరు మాత్రం విననట్టే బుక్కులో ఇంకో పేజీ తిప్పింది.

"నాది కూడా ఒక ఫిర్యాదు ఉంది," అంది.

"చెప్పండి."

"పదకొండో రాయి దగ్గర ఒక ముసలి ఆడ తొండ ఉంది. తోక సగం తెగింది. మీరు దాని పక్కన కూర్చుని ఏదేదో చెప్తుంటారు. ఆరో రోజు నేను విన్నాను. దాన్ని 'బంగారం' అని పిలిచారు."

"అంటే... మూడేళ్ళ పరిచయం..."

"నన్నేమో పొద్దున్నే 'డాక్టర్‌గారూ, నమస్కారమండీ.' దాన్నేమో 'బంగారం, ఏం తిన్నావు?'" ఆమె బుక్కు టప్పున మూసింది. "ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక తొండ మీద అసూయ పడుతున్నానని ఎవరికి చెప్పుకోను?"

ఇరవై రోజులుగా ఈ కొండ మీద కుళ్ళిపోతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను.

రెండు మెట్లు ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాను. జానెడు దూరం.

ఆమె జరగలేదు.

"ఇంక ఆ తొండని ఏమని పిలవమంటారు?" అన్నాను.

"నంబరుతో పిలవండి," అంది. "ఆ పేరు నాక్కావాలి."